చర్మానికి తగిలే రసాయనం ఎంత ముప్పు: పని చోట అంచనా వేసే పద్ధతి

గాలిని కొలవడానికి పంపులున్నాయి, ట్యూబులున్నాయి, ఘనపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు దాటకూడదనే పరిమితులున్నాయి. చర్మానికి అలాంటి అంకె దాదాపు ఏ రసాయనానికీ లేదు. పరిమితుల పట్టికలో కొన్ని పేర్ల పక్కన ‘స్కిన్’ అని ఒక్క మాట కనిపిస్తుంది, అంతే. ఇది చర్మాన్ని కాలుస్తుందని చెప్పడానికి ఆ మాట పెట్టలేదు. గాలి ఎంత శుభ్రంగా ఉన్నా చర్మం గుండా ఒంట్లోకి చేరే మోతాదును లెక్కలోకి తీసుకోమని దాని అర్థం. ఈ రెంటినీ కలిపేసుకోవడంతోనే చాలా అంచనాలు మొదట్లోనే దారి తప్పుతాయి.

చేయి ఎర్రబడలేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవడం ఇంకో పొరపాటు. అనిలిన్, డైమిథైల్ ఫార్మమైడ్, కొన్ని ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు చర్మం మీద పెద్దగా జాడ లేకుండానే లోపలికి పోతాయి. అనిలిన్ పోయిన సంగతి పెదవులు నీలంగా మారాక తెలుస్తుంది.

మొదటి విడతకు ఒక నోటుబుక్కు, ఒక గడియారం, వాడుతున్న ప్రతి సరుకు సేఫ్టీ డేటా షీటు (సరుకులో ఏముంది, దాని హాని ఏమిటి అని తయారీదారు ఇచ్చే పత్రం) ఉంటే చాలు. పరికరాల అవసరం తర్వాత వస్తుంది.

1. హాని మూడు రకాలు, మూడింటినీ విడివిడిగా చూడాలి

మొదటిది తగిలిన చోటే జరిగే హాని: మంట, పగుళ్లు, బొబ్బలు, కాలడం. రెండోది ఒంట్లోకి ఇంకి కాలేయం, నరాలు, రక్తం, గర్భం మీద పడే ప్రభావం. మూడోది అలర్జీ. అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధన చేసే నయోష్ సంస్థ 2009లో తన స్కిన్ గుర్తుల విధానాన్ని ఇదే వరసలో విడదీసింది. అంతకు ముందు అన్నిటికీ ఒకే గుర్తు ఉండేది.

విడదీయడం ఎందుకంటే ఒక్కోదాని లెక్క ఒక్కోలా నడుస్తుంది. కాలడంలో గాఢత, తగిలి ఉన్న సమయం ముఖ్యం. ఇంకడంలో ఎంత చర్మం తడిసింది, ఎంతసేపు అన్నది ముఖ్యం. అలర్జీలో చదరపు సెంటీమీటరుకు ఎంత పడిందన్నది ముఖ్యం. ఒకసారి అలర్జీ కుదురుకున్న మనిషికి మాత్రం అంతకు ముందు ఏమీ చేయని అతి చిన్న మోతాదు కూడా చాలు. కాబట్టి ‘మోతాదు తగ్గించాం, ముప్పు తగ్గింది’ అన్న మాట అలర్జీ వచ్చిన మనిషి విషయంలో చెల్లదు.

2. జాబితా: షీటులో ఏ పేజీ చూడాలి

డేటా షీటులో 2, 3, 8, 9, 11 భాగాలు చాలు. రెండో భాగంలో హెచ్ సంకేతాలు, అంటే హాని రకాన్ని చెప్పే అంకెలు ఉంటాయి. వాటిలో చర్మానికి సంబంధించినవి ఇవి:

- హెచ్ 314: చర్మాన్ని తీవ్రంగా కాలుస్తుంది. హెచ్ 315: మంట, ఎరుపు.
- హెచ్ 317: చర్మ అలర్జీ.
- హెచ్ 310, 311, 312: చర్మం ద్వారా ప్రాణాంతకం, విషం, హానికరం.
- యూరప్ షీటుల్లో ఈయూహెచ్ 066: పదేపదే తగిలితే చర్మం ఎండి పగులుతుంది.
- హెచ్ 340, 350, 360, 370, 372: జన్యుమార్పు, క్యాన్సర్, సంతానం, అవయవాలు. వీటిలో చర్మం పేరు ఉండదు. అయినా ఆ పదార్థం చర్మంలోంచి ఇంకేదైతే ఇవన్నీ చర్మం ముప్పులే. జాబితాలు రాసేవారు ఎక్కువగా వదిలేసేది ఈ వరసనే.

హెచ్ 310 అంటే జంతు పరీక్షల్లో కిలో బరువుకు 200 మి.గ్రా. లేదా అంతకంటే తక్కువ మోతాదు సగం జంతువులను చంపిందని. 70 కిలోల మనిషికి లెక్కగడితే 14 గ్రాములు, అంటే ఒక పెద్ద చెంచాడు. అందులోనే అతి తీవ్రమైన మొదటి వర్గానికి హద్దు 50 మి.గ్రా., అంటే 3.5 గ్రాములు. జంతువు లెక్క మనిషికి అచ్చంగా సరిపోదు. కానీ ‘కొంచెం చిందింది’ అన్న మాటకు ఎంత విలువివ్వాలో చెప్పడానికి ఈ పోలిక పనికొస్తుంది.

తొమ్మిదో భాగంలో నాలుగు అంకెలు రాసుకోండి: అణుభారం, ఆక్టనాల్-నీటి విభజన విలువ (లాగ్ కేఓడబ్ల్యూ; పదార్థం నీటి కంటే కొవ్వులో ఎంత ఎక్కువ కరుగుతుందో చెప్పేది), నీటిలో కరిగే మోతాదు, పీహెచ్. పీహెచ్ 2 లేదా అంతకంటే తక్కువ, 11.5 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, వేరే సమాచారం లేనప్పుడు దాన్ని కాల్చే పదార్థంగానే లెక్కించాలి. అణుభారం 500 దాటితే చెక్కుచెదరని చర్మంలోంచి దూరడం బాగా తగ్గుతుంది. అలర్జీ కలిగించే పదార్థాలు చాలావరకు 500 లోపువే.

పదకొండో భాగంలో ‘సమాచారం అందుబాటులో లేదు’ అని ఉంటే హాని లేదని చదువుకోకండి. ఎవరూ పరీక్షించలేదని మాత్రమే దానర్థం. జాబితాలో ఆ గడి ఖాళీగా ఉంచకుండా ‘తెలియదు’ అని రాయండి. తర్వాత ర్యాంకు వేసేటప్పుడు ‘తెలియదు’ను మధ్యస్థం కంటే కిందికి దించకూడదు.

షీటులో ఎప్పటికీ దొరకనివి కొన్ని ఉంటాయి. పనిలో పుట్టే పదార్థాలు ఒకటి: నీళ్లు కలిపాక సిమెంటు పీహెచ్ 12 నుంచి 13కు పోతుంది, మెషీన్ కూలెంట్ వాడేకొద్దీ అందులో లోహాలు చేరతాయి. గాఢత హద్దు కంటే తక్కువ ఉన్న అలర్జీ పదార్థాలు రెండోది. ఐసోథయాజోలినోన్ మిశ్రమం అనే ప్రిజర్వేటివ్‌కు యూరప్‌లో హద్దు 0.0015 శాతం, అంటే పది లక్షల్లో 15 పాళ్లు. అంత చిన్న మోతాదులో ఉన్నది షీటులో కనిపించకపోవచ్చు, తయారీదారుకు ఉత్తరం రాసి అడగాలి. మూడోది నీళ్లు. షిఫ్టులో 2 గంటలకు మించి చేతులు తడిగా ఉన్నా, అంతసేపు గాలాడని గ్లౌజుల్లో ఉన్నా, 20 సార్లకు పైగా కడిగినా దాన్ని ‘తడి పని’గా జాబితాలో రాయాలి. చేతి ఎగ్జిమాకు పెద్ద కారణాల్లో ఇదొకటి, దీనికి ఏ షీటూ రాదు.

3. పని జరుగుతుండగా చూడాలి

కాగితం మీద రాసిన పని విధానాన్ని బట్టి అంచనా వేస్తే అది కాగితానికే సరిపోతుంది. ఒక పూర్తి షిఫ్టు పక్కన నిలబడండి. శుభ్రం చేసే సమయం, డ్రమ్ము మార్చే సమయం, జామ్ అయిన పైపు విప్పే సమయం తప్పనిసరిగా చూడండి. మామూలు నడకలో కంటే ఈ మూడింటిలోనే చేతులు ఎక్కువ తడుస్తాయి.

రసాయనం చర్మాన్ని చేరే దారులు మూడు. నేరుగా ముంచడం, చిందడం ఒకటి. తుంపరలు, దుమ్ము, ఆవిరి వచ్చి వాలడం రెండోది. మురికి పట్టిన వస్తువును ముట్టుకోవడం మూడోది. మూడో దారిని ఎవరూ పట్టించుకోరు. వాల్వు చక్రం, పానా పిడి, ఫోను, పెన్ను, తలుపు గొళ్లెం, మూత తీసిన డబ్బా అంచు, నిన్న వాడి పైకి తిప్పి పెట్టిన గ్లౌజు, కళ్లద్దాల కాడ, ఇవన్నీ వెతకండి. పని చేయని మనిషి కూడా ఆ ఫోను ముట్టుకుంటాడు.

బ్యూటాక్సీ ఇథనాల్, అనిలిన్ వంటి వాటి ఆవిరి కూడా చర్మంలోకి ఇంకుతుంది. కాబట్టి ముఖానికి మంచి మాస్కు ఉన్నా పొట్టి చేతుల చొక్కా వేసుకుంటే ఆ దారి తెరిచే ఉంటుంది.

ప్రతి పనికీ ఒక మనిషి బొమ్మ గీసి ఎక్కడెక్కడ తగులుతోందో నింపండి. చోటును బట్టి లోపలికి పోయే వేగం మారుతుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ హైడ్రోకార్టిసోన్‌తో చేసిన కొలతల్లో ముంజేతిని 1 అనుకుంటే అరచేయి 0.83, వీపు 1.7, చంక 3.6, నుదురు 6, దవడ మూల 13, వృషణాల చర్మం 42 వచ్చాయి. ప్రతి రసాయనానికీ ఇవే అంకెలు రావు, వరస మాత్రం దాదాపు ఇలాగే ఉంటుంది. నూనె గుడ్డను ప్యాంటు జేబులో పెట్టుకునే అలవాటును ఈ పట్టిక పక్కన పెట్టి చూడండి. లండన్ చిమ్నీలు ఊడ్చేవారికి వృషణాల మీద వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని పెర్సివల్ పాట్ 1775లోనే రాశాడు.

సమయం రాసుకునేటప్పుడు ఒక సూత్రం తప్పకుండా పాటించండి. గడియారం ఆగాల్సింది పని ముగిసినప్పుడు కాదు, చేతులు కడిగినప్పుడు. ఐదు నిమిషాల పనిలో చేయి తడిసి, మూడు గంటల తర్వాత భోజనానికి ముందు కడిగితే ఆ సమయం మూడు గంటలు. త్వరగా ఆవిరయ్యే సాల్వెంట్ అయితే ఇంత ఉండదు. ఆవిరికాని నూనెలకు, రెజిన్లకు, పొడులకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. పైగా చర్మం పై పొర కొంత రసాయనాన్ని తనలో నిల్వ ఉంచుకుని, కడిగాక కూడా కాసేపు లోపలికి వదులుతూనే ఉంటుంది.

4. చర్మం పరిస్థితి చూడండి

మనల్ని కాపాడే పొర మందం చాలా చోట్ల 10 నుంచి 20 మైక్రోమీటర్లే. అరచేతుల్లో, అరికాళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ పొర పగిలితే ఇక్కడ వేసే లెక్కలన్నీ చెల్లకుండా పోతాయి. వేళ్ల సందుల్లో పగుళ్లు, గోళ్ల చుట్టూ వాపు, కోసుకున్న గాట్లు, ఉంగరం కింద నానిన చర్మం, వీటిని మనిషివారీగా రాసుకోండి. చిన్నప్పుడు ఎగ్జిమా ఉన్నవారికి తడి పనిలో చేతులు తొందరగా పాడవుతాయి. ఇది అడిగి తెలుసుకోవాలి, అయితే ఉద్యోగం పోతుందన్న భయం లేని వాతావరణంలో అడగాలి. లేదంటే ఎవరూ నిజం చెప్పరు.

థిన్నరుతో చేతులు కడిగే అలవాటు ఉందేమో చూడండి. రంగు పోతుంది, దాంతోపాటే చర్మంలోని కొవ్వూ పోతుంది. ఆ తర్వాత తగిలే ప్రతిదీ సులువుగా లోపలికి వెళ్తుంది.

5. లెక్క

ఒంట్లోకి ఇంకే పదార్థాలకు మాత్రమే ఈ అడుగు. కాల్చేవాటికి, అలర్జీ కలిగించేవాటికి ఈ లెక్కతో పని లేదు, తగలనివ్వకపోవడమే వాటి లెక్క.

చర్మంలోంచి దూరే వేగాన్ని కేపీ అంటారు, దాని కొలత గంటకు సెంటీమీటర్లు. ప్రయోగంలో కొలిచిన విలువ దొరికితే అదే వాడండి. దొరకకపోతే పాట్స్, గై 1992లో ఇచ్చిన సూత్రం ఉంది:

లాగ్ కేపీ = −2.72 + (0.71 × లాగ్ కేఓడబ్ల్యూ) − (0.0061 × అణుభారం)

ఫినాల్ తీసుకుందాం. లాగ్ కేఓడబ్ల్యూ 1.46, అణుభారం 94.1. లెక్కిస్తే −2.72 + 1.04 − 0.57, అంటే −2.26 చుట్టూ. కేపీ గంటకు సుమారు 0.0055 సెం.మీ.

ఇప్పుడు మోతాదు: కేపీ × గాఢత × తడిసిన చర్మం వైశాల్యం × గంటలు. ఒక శాతం ద్రావణంలో ఘనపు సెంటీమీటరుకు 10 మి.గ్రా. ఫినాల్ ఉంటుంది. రెండు అరచేతుల వైశాల్యం నయోష్ లెక్కలో 360 చదరపు సెంటీమీటర్లు. గుణిస్తే గంటకు 19.8 మి.గ్రా., ఎనిమిది గంటలకు సుమారు 158 మి.గ్రా.

ఇది ఎక్కువా తక్కువా తెలియాలంటే గాలి పరిమితితో పోల్చాలి. అమెరికాలో పని చోటు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా పెట్టిన పరిమితి ఫినాల్‌కు ఘనపు మీటరుకు 19 మి.గ్రా. ఒక షిఫ్టులో మనిషి 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడని, అందులో 75 శాతం ఒంట్లో నిలుస్తుందని అనుకుంటే 19 × 10 × 0.75, అంటే 142.5 మి.గ్రా. చర్మం మోతాదును దీంతో భాగిస్తే 1.1 వస్తుంది. ఈ నిష్పత్తి 0.1 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే చర్మం దారి గణనీయమైనదని నయోష్ పద్ధతి చెబుతుంది. అంటే గాలిలో ఫినాల్ సున్నా ఉన్నా, ఒక శాతం ద్రావణంలో రోజంతా చేతులు పెట్టిన మనిషి పూర్తి గాలి పరిమితి మేరకు పీల్చినవాడితో సమానం.

ఇక సమయం ఎలా తిరగబడుతుందో చూడండి. ద్రావణంతో నేరుగా చేసే పని షిఫ్టు మొత్తంలో 40 నిమిషాలే అనుకుందాం. 13.2 మి.గ్రా., నిష్పత్తి 0.09. హద్దుకు లోపలే ఉందని ఫైలు మూసేయవచ్చు అనిపిస్తుంది. అదే మనిషి తడిసిన గ్లౌజును తీయకుండా మూడు గంటలు ఉంచుకుంటే 59.4 మి.గ్రా., నిష్పత్తి 0.42. పని మారలేదు, రసాయనం మారలేదు, ఎప్పుడు కడిగాడన్నదే మారింది.

ఇంకో సంగతి. యూరప్ ఫినాల్ పరిమితి ఘనపు మీటరుకు 8 మి.గ్రా. దాంతో చూస్తే పీల్చే మోతాదు 60 మి.గ్రా., ఎనిమిది గంటల నిష్పత్తి 2.6కు ఎక్కుతుంది. కాబట్టి ఏ పరిమితితో పోల్చారో అంకె పక్కనే రాయకపోతే రెండు నివేదికలను పోల్చడం కుదరదు.

ఈ లెక్క ఎక్కడ విరుగుతుందో తెలుసుకోకుండా వాడకూడదు. సూత్రం నీటి ద్రావణాలకు తయారైంది, శుద్ధ సాల్వెంట్లకు అన్వయిస్తే తప్పుడు అంకె వస్తుంది. డైమిథైల్ ఫార్మమైడ్‌ను నేరుగా వాడితే అది చర్మపు పొరనే మార్చేస్తుంది, నిజంగా ఇంకేది లెక్క కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఫినాల్ కూడా యూరప్ వర్గీకరణలో 1 నుంచి 3 శాతం మధ్య మంట పుట్టించేది, 3 శాతం నుంచి కాల్చేది. పొర కాలిపోయాక కేపీకి అర్థం ఉండదు.

చివరగా పై హద్దు చూసుకోవాలి. చర్మం మీద ఎంత పడిందో అంతకు మించి ఇంకదు. 2 మి.లీ. ఒక శాతం ద్రావణం చిందితే అందులో ఉన్నది 20 మి.గ్రా. ఫినాలే, కేపీ లెక్కలో 158 వచ్చినా సరే. చేయి ఆగకుండా మునిగే పనికి కేపీ లెక్క, ఒకసారి చిందే పనికి పడిన మొత్తం. రెండూ వేసి చిన్నదాన్ని తీసుకోండి.

6. అనుమానం తీరకపోతే కొలవండి

అన్నిటికంటే తేలికైనది మెరిసే పొడి. అసలు పదార్థానికి బదులు హాని లేని ఫ్లోరసెంట్ రంగు వాడి, లేదా అందులోనే ఆ రంగు కొద్దిగా కలిపి పని చేయించి, చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూడాలి. మోతాదు తెలియదు కానీ ఎక్కడెక్కడికి పాకిందో కళ్లకు కనబడుతుంది. చెవి వెనక, గ్లౌజు లోపల, లంచ్ బాక్సు మూత మీద మెరుపు చూసిన మనిషికి ఆ తర్వాత శిక్షణ తరగతి పెద్దగా అవసరపడదు. రంగు ఎంపికలో జాగ్రత్త కావాలి: అది అసలు పదార్థం లాగే పారాలి, అంటుకోవాలి.

మోతాదు కావాలంటే మూడు పద్ధతులున్నాయి. చర్మాన్ని లేదా వస్తువును గుడ్డతో తుడిచి ల్యాబుకు పంపడం, ఒంటి మీద అక్కడక్కడా గుడ్డ ముక్కలు అంటించడం, చేతులు కడిగిన నీళ్లు పరీక్షించడం. తుడవడంలో రెండు లోపాలు. చర్మంలో అప్పటికే ఇంకింది దొరకదు, ఎవరు ఎంత గట్టిగా తుడిచారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. అందుకే ఒకే మనిషి, ఒకే సాల్వెంట్, ఒకే కొలత చట్రం (10 × 10 సెం.మీ. సరిపోతుంది) వాడాలి. గుడ్డ ముక్కల ఫలితాన్ని ఒళ్లంతటికీ విస్తరించేటప్పుడు చినుకు సరిగ్గా ముక్క మీద పడిందా, పక్కన పడిందా అన్నది అంకెను తలకిందులు చేస్తుంది.

ఏ దారిన పోయినా ఒంట్లో చేరింది ఎంతో చెప్పేది మూత్రం, రక్తం. డైమిథైల్ ఫార్మమైడ్‌కు మూత్రంలో ఎన్-మిథైల్ ఫార్మమైడ్, జైలీన్‌కు మిథైల్ హిప్పూరిక్ యాసిడ్, అనిలిన్‌కు పారా అమైనోఫినాల్ చూస్తారు. ఈ నమూనాలు షిఫ్టు చివర తీయాలి. ఆర్గానోఫాస్ఫేట్లకు రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ చూస్తారు. ఇక్కడ పని మొదలవక ముందే ఆ మనిషి సొంత విలువ తీసి పెట్టుకోవాలి. ఒకరికీ ఇంకొకరికీ సహజంగానే చాలా తేడా ఉంటుంది, ముందు విలువ లేకుండా తర్వాత వచ్చిన అంకె నుంచి పెద్దగా తేలేది ఉండదు.

గాలి పరీక్ష శుభ్రంగా వచ్చి మూత్రం పరీక్ష ఎక్కువ వస్తే యంత్రాన్ని అనుమానించకండి, చేతులను అనుమానించండి. పాలీయురెథేన్ పనిలో వాడే మోకా అనే గట్టిపరిచే పదార్థం ఇందుకు తిరుగులేని ఉదాహరణ. అది దాదాపు ఆవిరికాదు, గాలిలో దొరకదు, చర్మం గుండానే ఎక్కువగా లోపలికి చేరుతుంది.

7. వరసలో పెట్టడం

హాని తీవ్రతను, తగిలే అవకాశాన్ని గుణించి అంకె వేసే రంగుల పట్టికలు, ఐదు బై ఐదు గడులు ఉన్నాయి. ఏది వాడినా తప్పులేదు, గడిలో అంకె ఎందుకు వేశారో పక్కన ఒక వాక్యం ఉంటే చాలు. ఆ వాక్యం లేని అంకెను మరుసటి ఏడాది వచ్చినవాడు సమర్థించలేడు. కొన్నింటికి మాత్రం గుణకారం అక్కర్లేదు. హెచ్ 310, హెచ్ 314 ఉన్న పదార్థం చేతికి తగిలే అవకాశం ఉంటే, ఎంత అరుదైనా, అది పై వరసే. హెచ్ 317 ఉన్నది రోజూ తగులుతుంటే అదీ పై వరసే. క్యాన్సర్, సంతానం సంకేతాలు ఉండి చర్మం నిష్పత్తి 0.1 దాటితే మళ్లీ అంతే. మిగిలినవాటికి పట్టిక వాడండి.

8. అదుపు: గ్లౌజు ఆఖరున రావాలి

ముందు పదార్థం మార్చడం చూడాలి. సిమెంటుకు ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, అలర్జీ కలిగించే క్రోమియం 6ను తగ్గించడం మంచి ఉదాహరణ. యూరప్‌లో 2005 నుంచి కరిగే క్రోమియం 6 పది లక్షల్లో 2 పాళ్లు దాటకూడదు. అయితే ఆ గుణం నిల్వలో తగ్గిపోతుంది, అందుకే సంచి మీద తేదీ చూడాలి. ఇది అలర్జీనే తగ్గిస్తుంది, తడి సిమెంటు క్షారం మాత్రం మోకాళ్లను అంతే కాలుస్తుంది.

తర్వాత చేతికీ రసాయనానికీ మధ్య దూరం. పొడుగు పిడి బ్రష్, పట్టుకారు, పంపు, ముంచే బుట్ట. వంద రూల్స్ కంటే 30 సెంటీమీటర్ల పిడి ఎక్కువ పని చేస్తుంది.

ఇక గ్లౌజులు. ‘కెమికల్ గ్లౌజు’ అనే వస్తువు లేదు. ఫలానా రసాయనానికి ఫలానా గ్లౌజు ఉంటుంది, అంతే. ఎసిటోన్, ఇతర కీటోన్లకు బ్యూటైల్ రబ్బరు మంచిది, నైట్రైల్ రబ్బరు పనికిరాదు. టొలుయిన్, జైలీన్‌లకు బ్యూటైల్ పనికిరాదు, విటాన్ అనే రబ్బరు నిలుస్తుంది. డైక్లోరోమిథేన్ పల్చటి నైట్రైల్‌ను, లేటెక్స్‌ను నిమిషాల్లో దాటేస్తుంది. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) గ్లౌజు దాన్ని ఆపుతుంది కానీ నీళ్లు తగిలితే కరిగిపోతుంది. సరైన పేరు డేటా షీటు ఎనిమిదో భాగంలో ఉండాలి. ‘తగిన గ్లౌజులు ధరించండి’ అని మాత్రమే రాసి ఉంటే తయారీదారును రబ్బరు రకం, మందం, దాటే సమయం అడగండి.

దాటే సమయం అంటే రసాయనం రంధ్రం లేకుండానే అణువులుగా రబ్బరులోంచి అవతలికి చేరే సమయం. రసాయన గ్లౌజుల ప్రమాణం ఈఎన్ ఐఎస్‌వో 374-1 ప్రకారం ‘ఏ’ (A) రకానికి కనీసం ఆరు రసాయనాలకు 30 నిమిషాలు, బీ రకానికి మూడింటికి 30 నిమిషాలు, సీ రకానికి ఒకదానికి 10 నిమిషాలు నిలవాలి. పరీక్ష 23 డిగ్రీల దగ్గర చేస్తారు. చేతి మీద గ్లౌజు దాదాపు 35 డిగ్రీలకు వేడెక్కుతుంది, వంగుతుంది, సాగుతుంది. కాబట్టి డబ్బా మీది సమయాన్ని పూర్తిగా నమ్మకండి, మూడో వంతుకు మించి లెక్కలోకి తీసుకోకపోవడం క్షేమం. మిశ్రమాలకైతే విడి పదార్థాల సమయాలు కూడా చెల్లవు. త్వరగా దాటే సాల్వెంట్ తనతో మిగతావాటిని లాక్కుపోతుంది.

డార్ట్‌మౌత్ కాలేజీ రసాయన శాస్త్రవేత్త కారెన్ వెటర్‌హాన్ 1996 ఆగస్టులో లేటెక్స్ గ్లౌజు మీద కొన్ని చుక్కల డైమిథైల్ మెర్క్యురీ పడి, 1997 జూన్‌లో చనిపోయారు. తర్వాత పరీక్షిస్తే ఆ రకం గ్లౌజును అది 15 సెకన్లలోపే దాటింది. ఆమె నిబంధనలు మీరలేదు. అప్పటి నిబంధనల్లోనే ఆ గ్లౌజు ఉండేది.

గ్లౌజుల్లో తరచూ జరిగే తప్పులు చెప్పుకోవాలంటే: నిన్నటి గ్లౌజు ఈరోజు వేసుకోవడం. రబ్బరులోకి ఇంకింది రాత్రంతా లోపలి వైపుకు ప్రయాణిస్తూనే ఉంటుంది, పొద్దున అది నేరుగా చేతికి అంటుతుంది. మురికి చేతిని గ్లౌజులో పెట్టడం ఇంకొకటి. లోపల వెచ్చగా, చెమటగా, మూసి ఉంటుంది కాబట్టి ఇంకడం కొన్ని రెట్లు పెరుగుతుంది. గ్లౌజు లేనప్పటి కంటే హీనం. చెయ్యి పైకెత్తే పనిలో అంచు మడవకపోతే ద్రవం గ్లౌజు మీంచి మోచేతి వైపుకు కారుతుంది. తీసేటప్పుడు బయటి వైపును వట్టి వేళ్లతో పట్టుకోవడం సరేసరి. చేతికి దద్దుర్లు వచ్చినప్పుడు గ్లౌజునే అనుమానించడం కూడా మరవకండి. రబ్బరు తయారీలో వాడే థైయురమ్, కార్బమేట్ పదార్థాలకు అలర్జీ వస్తుంది, అప్పుడు రసాయనాన్ని వెతుకుతూ నెలలు గడిచిపోతాయి.

బ్యారియర్ క్రీమును గ్లౌజుకు బదులుగా లెక్కించకండి. అది ఎక్కడ పల్చబడిందో ఎవరికీ కనిపించదు. పని తర్వాత రాసే మామూలు మాయిశ్చరైజరు మాత్రం నిజంగా పనికొస్తుంది.

9. తగిలినప్పుడు

సాధారణంగా బట్టలు, ఉంగరం, గడియారం వెంటనే తీసి, పారే నీళ్లతో కనీసం 20 నిమిషాలు కడగాలి. బట్టలు తీయకుండా నీళ్లు పోస్తే గుడ్డలో ఉన్నది చర్మానికే పిండినట్టవుతుంది. పొడి అయితే ముందు దులపాలి. క్షారం విషయంలో నొప్పి లేదని ఆపకండి, అది ఆలస్యంగా తెలుస్తుంది, లోతుగా పోతుంది.

రెండు పదార్థాలకు ముందే సరంజామా ఉండాలి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ 20 శాతం లోపు ఉంటే నొప్పి 24 గంటల దాకా కనబడకపోవచ్చు, ఈలోగా ఫ్లోరైడ్ లోపలికి పోయి రక్తంలో కాల్షియంను పడగొడుతుంది. నీళ్లతో కడిగి 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ రుద్దుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నొప్పి కోసం ఎదురు చూడకూడదు. ఫినాల్ తగిలిన చోట తిమ్మిరెక్కుతుంది కాబట్టి తగిలినవాడే పట్టించుకోడు. దానికి పాలీఎథిలీన్ గ్లైకాల్ 300 లేదా 400తో తుడవాలి. అది చేతికి అందేదాకా ధారాళంగా నీళ్లు పోయాలి, కొద్ది నీళ్లతో తడిపితే మాత్రం ఇంకా ఎక్కువ చర్మానికి పాకుతుంది. జెల్ గడువు తేదీ చూసే బాధ్యత ఒక మనిషి పేరు మీద రాసి ఉండాలి.

10. చేతులు చూడటం, మళ్లీ అంచనా వేయడం

పనిలో చేరినప్పుడు ఒకసారి, ఆరు వారాల లోపు ఒకసారి, ఆ తర్వాత క్రమంగా చేతులు చూడాలి. అలర్జీ కుదురుకోవడానికి రెండు వారాల చుట్టూ పడుతుంది, కొందరిలో ఏళ్ల తర్వాత వస్తుంది. వచ్చాక ప్రతిసారీ తగిలిన 24 నుంచి 72 గంటల్లో దద్దురు లేస్తుంది. అందుకే ‘ఈ రోజు ఏం వాడావు’ అని అడిగితే జవాబు దొరకదు, మొన్న ఏం వాడాడో అడగాలి. సెలవుల్లో తగ్గి, పనికి వచ్చాక తిరగబడితే అది పని వల్లేనని చాలావరకు నమ్మవచ్చు. ఏ పదార్థమో తేల్చేది చర్మ వైద్యుడు చేసే ప్యాచ్ పరీక్ష, అంటే అనుమానమున్న పదార్థాలను కొద్దిగా చర్మానికి అంటించి చూడటం. ఆయనకు డేటా షీటులు, వాడే గ్లౌజు ముక్క పంపండి. ఉత్త చేతులతో పంపితే ఆయన మామూలు వరస మాత్రమే పరీక్షించగలడు.

సరఫరాదారు మారినప్పుడు, గ్లౌజు బ్రాండు మారినప్పుడు, ఒకే బల్ల దగ్గర ఇద్దరి చేతులు పాడైనప్పుడు తేదీ కోసం ఆగకుండా మూడో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మూత్రం ఫలితాలు మెల్లగా పెరుగుతూ ఇంకా హద్దు లోపలే ఉన్నా అంతే.